పేస్‌మేకర్ పెట్టిన చోట నొప్పి వదలడం లేదా? ముందు ఇవి చూసుకోండి

విశాఖలో పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే చిన్న మిషను) వేయించుకుని నరసన్నపేటకో బొబ్బిలికో ఇంటికి చేరాక అసలు సందేహాలు మొదలవుతాయి. డిశ్చార్జి కాగితంలో మందులుంటాయి, మళ్ళీ ఎప్పుడు రావాలో ఉంటుంది. నెల దాటినా కాలర్ ఎముక కింద ఈ సలుపు ఏమిటన్నది మాత్రం ఉండదు.

ఆపరేషన్‌లో కాలర్ ఎముక కింద చర్మం కోసి, సాధారణంగా ఛాతీ కండరం మీదే చిన్న జేబులా చేసి, 20–30 గ్రాముల బరువుండే టైటానియం డబ్బా అందులో పెడతారు. దాని వైర్లు రక్తనాళం గుండా గుండెలోకి వెళ్తాయి. కాబట్టి చాలాసార్లు నొప్పి పుట్టేది గుండెలో కాదు, ఆ జేబు చుట్టూ ఉన్న చర్మం, కండరం, నరాల్లో. మొదటి రెండు వారాలు నొప్పి, కమిలిన మచ్చ మామూలే. 4–6 వారాలకి బాగా తగ్గాలి. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు చుర్రుమంటే కంగారు అక్కర్లేదు.

నొప్పి ఎంత ఉందన్నదానికంటే అది ఎటు పోతోందన్నది చూడాలి. రోజురోజుకీ తగ్గుతుంటే ఓపిక పట్టొచ్చు. పూర్తిగా తగ్గిపోయి నెలల తర్వాత మళ్ళీ మొదలైతే, జ్వరం లేకపోయినా సరే, మిషను వేసిన ఆసుపత్రికి చూపించుకోవాల్సిందే.

చెయ్యి పైకి లేవడం లేదు, రాత్రి ఆ పక్కకి తిరిగితే భుజం పీకుతోంది

నెల రెండు నెలలు దాటాక వచ్చే నొప్పిలో ముందు అనుమానించాల్సింది భుజాన్నే. "ఆరు వారాలు మోచెయ్యి భుజం కంటే పైకి ఎత్తొద్దు, బరువులు మొయ్యొద్దు" అని డాక్టరు చెప్తారు. ఇంటికొచ్చేసరికి అది "చెయ్యి కదిపితే తీగ ఊడిపోతాది" అయిపోతుంది. పెద్దవాళ్ళు చెయ్యిని పొట్టకి ఆనించి అలాగే ఉంచేస్తారు. భుజం కీలు బిగుసుకుపోతుంది. జడ వేసుకోలేరు, జాకెట్టు వెనక హుక్కు అందదు. దీన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు.

డాక్టరు గడువు ముగిసేదాకా కూడా వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి రోజూ ఆడించాలి. భుజం కింద ఎత్తులోనే చేత్తో చిన్న పనులు చేసుకోవాలి. నిండు బిందె, బియ్యం మూట, బోరింగు కొట్టడం మాత్రం వద్దు. గడువు దాటి, చెకప్‌లో వైర్లు బాగున్నాయన్నాక ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి నెమ్మదిగా ఊపడం, గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం మొదలుపెట్టొచ్చు. బిగుసుకున్న భుజం వదలడానికి నెలలు పడుతుంది, ఒక్క వారంలో ఫలితం చూడకండి.

ఫిజియోథెరపీ సెంటరుకి వెళ్తే లోపల అడుగుపెట్టగానే పేస్‌మేకర్ కార్డు చూపించండి. షార్ట్‌వేవ్ డయాథెర్మీ అనే వేడి పెట్టే మిషను పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి పూర్తిగా నిషేధం. వైరు వేడెక్కి గుండెని దెబ్బ తీయొచ్చు. ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టేవి కూడా గుండె డాక్టరుని అడక్కుండా వద్దు. నొప్పులకని అమ్మే అయస్కాంతం బెల్టుల జోలికి అసలే పోకండి.

ఏదో ఒరుసుకున్నట్టు మంట, అదీ ఒకే చోట

మన ఆడవాళ్ళ పైట ఎడమ భుజం మీదే, పేస్‌మేకర్ కూడా ఎక్కువగా ఎడమ పక్కే. మా మేనత్త నిలబడి ఉన్నప్పుడు ఏమీ తెలిసేది కాదు. చీపురు పట్టుకుని వంగితే జాకెట్టు చంక కుట్టు జరిగి సరిగ్గా డబ్బా అంచు మీద ఆగేది. అక్కడే గోరంత ఎర్రటి గీత. టైలరు దగ్గర చంక వదులు చేయించి, లోపల మెత్తటి పాత నూలు గుడ్డ మడత పెడితే మంట పోయింది. బాడీ పట్టీ, పైట పిన్ను కూడా డబ్బాకి దూరంగా ఉండేలా చూసుకోండి. మగవాళ్ళయితే చొక్కా ఎడమ జేబులో సెల్‌ఫోను పెట్టొద్దు. ఒరుపు మాట అటుంచి, ఫోను పేస్‌మేకర్‌కి 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి.

కారులో డ్రైవరు పక్క సీటులో బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది. బెల్టు మానేయకండి, డ్రైవరు వెనక సీటులో కూర్చోండి. అక్కడ కుడి భుజం మీదుగా వస్తుంది.

చర్మం పల్చబడి నున్నగా మెరుస్తున్నా, రంగు మారినా, డబ్బాకి అతుక్కున్నట్టున్నా అది గుడ్డ ఒరుపు కాదు. డబ్బా బయటికి తోసుకొస్తోందేమో. ఆలస్యం చేయొద్దు.

మాత్ర వేసుకుంటే తగ్గుతోంది, మానేస్తే మళ్ళీ మొదలు

ఏ మాత్ర అన్నదే అసలు సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు ఉద్దానం వాళ్ళకి ఇది మరీ గట్టిగా చెప్పాలి. కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తున్న ప్రాంతమది. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి చేటు. గుండె బలహీనంగా ఉంటే ఒంట్లో నీరు పట్టిస్తాయి, రక్తం పలచబడే మందులతో కలిస్తే రక్తస్రావం పెంచుతాయి. ఊళ్ళో సూది వేయించుకునే ముందు "నాకు గుండెకి మిషను ఉంది" అని చెప్పడమే కాదు, ఏ మందో కూడా అడగండి. మామూలు నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మేలు.

మొదటి రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టొచ్చు, కుట్లు తడవకుండా. వేడి కాపడం, బామ్, పసుపు, మర్దన వద్దు.

డబ్బా చుట్టూ గట్టిగా ఉబ్బింది

రక్తం గూడు కట్టి ఉండొచ్చు. రక్తం పలచబడే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్ళలో ఎక్కువ. ఉబ్బు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి చూడండి, గీత దాటుతుంటే ఆసుపత్రికి వెళ్ళండి. సూదితో లాగేస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు, ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది. పలచబడే మందు మీకు మీరే ఆపేయడం కూడా ప్రమాదమే.

ఎరుపు, వేడి, కుట్టు దగ్గర తడి, చీము

అదే రోజు వెళ్ళాలి. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుంటే పైకి తగ్గినట్టు కనిపించి, పరీక్షలో ఏ క్రిమో తెలియకుండా పోతుంది. డబ్బా దాకా పాకిన ఇన్ఫెక్షన్ మాత్రలతో పోదు, చాలాసార్లు డబ్బా, వైర్లు మొత్తం తీసేయాల్సి వస్తుంది. ఏడాది తర్వాత కూడా రావొచ్చు, ఒక్కోసారి నొప్పి తప్ప ఇంకే గుర్తూ లేకుండా. మొదట్లో తగ్గి తిరిగొచ్చిన నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దన్నది ఇందుకే.

కండరం టకటకా కొట్టుకోవడం, ఆగని ఎక్కిళ్ళు, కళ్ళు తిరగడం

వైరు కదిలి ఉండొచ్చు. కొందరికి చర్మం కింద డబ్బాని వేళ్ళతో తిప్పే అలవాటుంటుంది, తిప్పగా తిప్పగా వైరు చుట్టుకుని ఊడిపోతుంది. ఎక్స్‌రే తీసి, మిషను చెకప్ చేస్తే తేలిపోతుంది. స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చెయ్యండి. ఎడమ చెయ్యంతా ఉబ్బి నీలంగా మారితే రక్తనాళంలో రక్తం గడ్డ కట్టిందేమో చూపించాలి.

అన్నీ బాగున్నాయన్నారు, గుడ్డ తగిలినా భగ్గుమంటోంది

కోతలో తెగిన చిన్న నరాల నొప్పి కావచ్చు. మామూలు మాత్రలు దీనికి పని చేయవు, నరాల నొప్పికి వేరే మందులున్నాయి, అడగండి. మరీ బక్కపలచని వాళ్ళకి అరుదుగా డబ్బాని కండరం కిందికి మారుస్తారు.

శ్రీకాకుళం నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైనే, ఇచ్ఛాపురం వాళ్ళకి దానికి రెట్టింపు. ఊరికే తిరగకుండా రోజూ ఒకే వేళ, ఒకే వెలుతురులో ఆ చోటు ఫోటో తీసి ఉంచండి. వెంటనే వెళ్ళాలని పైన చెప్పినవి కాకపోతే, ముందు అవి పంపించి రమ్మంటారో లేదో అడగండి. వెళ్ళేటప్పుడు పేస్‌మేకర్ కార్డు, డిశ్చార్జి కాగితం, వేసుకుంటున్న మాత్రల అట్టలు సంచీలో పెట్టుకోండి. సంచీ కుడి భుజానికి.