ఇంటి దగ్గర ఇంగ్లిష్ – 9వ పాఠం: గుద్దుకోవడం, ఢీకొనడం

పోయిన పాఠంలో వాన, గాలి, వరద మాటలు చూశాం. ఈసారి ఢీకొనే మాటలు. ఈ పాఠం ఇంత జాగ్రత్తగా ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను.

మూడేళ్ల కిందట రావులపాలెం దగ్గర మా తమ్ముడు హైవే పక్కన బండి ఆపి ఫోన్ మాట్లాడుతుంటే, వెనక నుంచి వ్యాన్ వచ్చి గుద్దింది. వాడి కాలు విరిగింది. బీమా వాళ్లకు ఇంగ్లిష్‌లో ఉత్తరం నేనే రాశాను: 'మై బ్రదర్స్ బైక్ కొలైడెడ్ విత్ ఎ వ్యాన్.' అక్కడాయన చదివి, "అంటే మీ తమ్ముడి బండి కూడా కదులుతోందా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఆగి ఉన్న బండికి సగం తప్పు నా చేతులతో నేనే అంటగట్టాను.

కొలైడ్ లాటిన్ నుంచి వచ్చింది. అందులో 'కలిసి' అనే ముక్క, 'దెబ్బ తీయడం' అనే ముక్క ఉన్నాయి. అందుకే రెండూ కదులుతుంటేనే ఆ మాట వాడాలని పాత నియమం. ఇప్పుడది సడలింది. కారు చెట్టును గుద్దినా కొలైడ్ అనే రాస్తున్నారు, తప్పనలేం. కానీ తప్పు ఎవరిదో తేలాల్సిన కాగితంలో పాత నియమాన్నే పట్టుకోండి. 'ఎ వ్యాన్ హిట్ మై బ్రదర్స్ పార్క్‌డ్ బైక్' అని రాసి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

ఓడల చట్టంలో ఈ తేడాకు విడిగా ఒక మాటే ఉంది, అలిజన్. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య తిరిగే పంట్లు (ఏరు దాటించే పెద్ద పడవలు) రెండు గోదావరి నడుమ గుద్దుకుంటే కొలిజన్. పంటు వచ్చి రేవును గుద్దితే అలిజన్. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే సరుకు ఓడ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన కూలి, దాని మీద పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. ఓడల లాయర్ల లెక్కలో అది అలిజన్. అదే ఏడాది సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని గుద్దడమూ అలాంటిదే. మామూలు ఉత్తరాల్లో మాత్రం ఈ మాట వద్దు, చాలామందికి తెలియదు.

ర్యామ్ అంటే పొట్టేలు. సంక్రాంతికి పొట్టేళ్ల పందెం చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి, ఉరికొచ్చి గుద్దడమే. 'ర్యామ్డ్' అని రాస్తే కావాలనే గుద్దాడన్న అనుమానం చాలాసార్లు వస్తుంది. అది మీకు ఖాయంగా తెలిస్తేనే రాయండి.

క్రాష్‌లో చప్పుడు ఉంది, స్మాష్‌లో ముక్కలవడం ఉంది. బంప్ చిన్న దెబ్బ. 'ఐ బంప్డ్ ఇంటు మై టీచర్ ఇన్ అమలాపురం' అంటే మాస్టారు అనుకోకుండా కనిపించారని, గుద్దానని కాదు.

మనం రోజూ అనే 'డ్యాష్ ఇచ్చాడు' కాగితం మీదికి రానివ్వకండి. ఇంగ్లిష్‌లో డ్యాష్ అంటే ఎక్కువగా పరుగే. ఉప్పాడలో అలలు రాళ్ల గట్టుకు కొట్టుకోవడానికి మాత్రం అది చక్కగా సరిపోతుంది.

ఇంకొకటి. తెలుగులో 'చెట్టుకు గుద్దింది' అంటాం కాబట్టి, ఆ 'కు' వల్ల 'హిట్ టు ద ట్రీ' అని రాసేస్తాం. హిట్ పక్కన ఏమీ రాదు: 'హిట్ ద ట్రీ'. కొలైడ్‌కు విత్, క్రాష్‌కు ఇంటు.

అభ్యాసం. వీటిని ఇంగ్లిష్‌లో రాయండి:

పొగమంచులో రెండు లారీలు ఎదురెదురుగా గుద్దుకున్నాయి.

ఆటో వచ్చి మా అరుగును గుద్దింది.

కాలవ గట్టు మీద సైకిల్ అదుపు తప్పి కొబ్బరి చెట్టుకు గుద్దుకుంది.

మూడో వాక్యానికి కొలైడ్ వాడతారా, హిట్ వాడతారా? ఎందుకో కూడా ఒక ముక్క రాసి పెట్టుకోండి. జవాబులు 10వ పాఠంలో.