ఎంబీఏలో చేరే ముందు గుర్తింపు ఏ కోర్సుకు ఉందో చూడండి

ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష అయిన ఐసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేవారూ, మేనేజ్‌మెంట్ కోటాలో నేరుగా ఫీజు కట్టబోయేవారూ ఒక తేడాను గమనించాలి. బ్రోషరులో కనిపించే ‘ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఆమోదం’ కోర్సు నడుపుకోవడానికి లభించిన అనుమతి మాత్రమే. బోధన ప్రమాణాలను నిపుణులు పరిశీలించాక ఇచ్చే గుర్తింపు వేరు. ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే న్యాక్ ఇచ్చే గ్రేడు మొత్తం సంస్థకు వర్తిస్తుంది. ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) గుర్తింపు ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా, అదీ నిర్ణీత కాలానికే లభిస్తుంది. కనుక ఇంజినీరింగ్ బ్రాంచీలకు వచ్చిన గుర్తింపును చూపించి, అదే ప్రాంగణంలోని ఎంబీఏకు కూడా ఉన్నట్లు భ్రమ కలిగించే ప్రకటనలను నమ్మకుండా, ఎన్‌బీఏ వెబ్‌సైటులో కళాశాల పేరుతో వెతికి, కోర్సు పేరునూ గడువు తేదీనీ స్వయంగా సరిచూసుకోవాలి.

పీజీడీఎం (మేనేజ్‌మెంట్‌లో పోస్ట్ గ్రాడ్యుయేట్ డిప్లొమా) విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. అది డిగ్రీ కాదు, డిప్లొమా. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం దానిని ఎంబీఏతో సమానంగా గుర్తించాలంటే సాధారణంగా ఎన్‌బీఏ గుర్తింపు ఉండాలి. ఆ సమానత్వం లేని డిప్లొమాతో పీహెచ్‌డీలో చేరేటప్పుడో, అధ్యాపక ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడో చిక్కు రావచ్చు. ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) వంటి సంస్థలు పొందిన ఏఏసీఎస్‌బీ, ఈక్విస్ గుర్తింపులు బిజినెస్ స్కూళ్లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపులు. విదేశాలకు వెళ్లదలచినవారు వాటినీ చూడవచ్చు.