నొప్పి ఎక్కడుందో చూసి కీబోర్డు కొనండి

“ఏ కీబోర్డు కొనమంటారు?” అని అడిగితే నా ఎదురు ప్రశ్న ఒకటే: ఎక్కడ నొప్పి?

మణికట్టు లాగుతోంది

కీబోర్డు అడుగున వెనకవైపు రెండు చిన్న కాళ్లుంటాయి. వాటిని లేపి పెట్టడం చాలామందికి అలవాటు. దాంతో అరచేతులు గంటల తరబడి పైకి వంగే ఉంటాయి. ఆ కాళ్లు మడిచేయండి. మోచేతులు కీబోర్డు ఎత్తుకి వచ్చేలా కుర్చీ పెంచండి, పాదాలు నేలకి అందకపోతే కింద పీట వేసుకోండి. చాలాసార్లు కొత్త కీబోర్డు ఖర్చు ఇక్కడే తప్పిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపుతుంటే మాత్రం షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కుడి భుజం పట్టేస్తోంది

చాలావరకు మౌస్ దూరమే కారణం. నంబర్ ప్యాడ్ ఉన్న కీబోర్డు దాదాపు 44 సెంటీమీటర్ల వెడల్పు, లేనిది 36 దగ్గర. రెండోది కొంటే మౌస్ దగ్గరికొస్తుంది. ట్యాలీ మీద పనిచేసేవాళ్లు విడి నంబర్ ప్యాడ్ ఒకటి పక్కన ఉంచుకోండి.

వేళ్ల చివర్లు నొప్పి

ల్యాప్‌టాప్ కీ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు దిగి టక్కున ఆగిపోతుంది. గట్టిగా కొట్టే చేతికి ఆ దెబ్బ తిరిగి తగులుతుంది. మెకానికల్ కీబోర్డులో ప్రతి కీ కింద విడిగా ఒక స్ప్రింగు స్విచ్ ఉంటుంది. మామూలు రకం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, అక్షరం మాత్రం 2 దగ్గరే పడిపోతుంది. అంటే అడుగుదాకా గుద్దక్కర్లేదు. ఈ స్విచ్‌లకి రంగుల పేర్లుంటాయి. రెడ్ రకానికి 45 గ్రాముల ఒత్తిడి చాలు. బ్రౌన్‌లో మధ్యలో చిన్న తట్టు తెలుస్తుంది. బ్లూ టకటకలాడుతుంది, ఇంట్లోవాళ్లు పడుకున్నాక పనిచేసేవాళ్లు దాని జోలికి పోవద్దు.

తెలుగు కొడితేనే ఎడమ మధ్యవేలు నొప్పి

ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే ఒక్కో తెలుగు అక్షరానికీ గుర్తుకీ ఒక్కో కీ కేటాయించిన అమరికలో కొట్టేవాళ్ల సమస్య ఇది. దీర్ఘం ఇంగ్లీషు E కీ మీద, పొల్లు D మీద, ‘మ’ C మీద ఉంటాయి. మూడూ ఆ ఒక్క వేలి కిందే! ‘లక్ష్మి’ కొట్టి చూడండి: పొల్లు రెండుసార్లు, రెండో పొల్లు వెంటనే ‘మ’. ఒత్తులు ఇన్ని ఉన్న భాషలో ఆ వేలికి తీరికెక్కడిది? ‘మ’ని చూపుడువేలితో కొట్టడం అలవాటు చేసుకోండి, తేలిక స్విచ్ ఎంచుకోండి. రెండు ముక్కలుగా విడిపోయే ఖరీదైన కీబోర్డు కొన్నా ఈ విషయంలో ఒరిగేదేమీ లేదు. తెలుగు అక్షరాలు ముద్రించిన కీబోర్డు కోసం ఊరంతా తిరగక్కర్లేదు, స్టిక్కర్లు చాలు.

ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు

మెకానికల్‌లో స్విచ్ లోపల దుమ్ము చేరినా, అరిగినా ఇలా అవుతుంది. ముందు కీ మీది ప్లాస్టిక్ క్యాప్ తీసి గాలి కొట్టి చూడండి. తగ్గకపోతే స్విచ్ మార్చాలి. కొనేటప్పుడే హాట్‌స్వాప్ రకం అడిగి తీసుకుంటే పాడైనదొక్కటే లాగి కొత్తది గుచ్చుకోవచ్చు, లేదంటే సోల్డరింగ్ చేయించాల్సిందే.