అమెరికా రేడియో డిటెక్టివ్ నాటకాలను నటుల గొంతు వెంట నడుస్తూ వినడం ఎలా?

1930ల ఆరంభం నుంచి 1962 దాకా అమెరికా రేడియోలో ప్రసారమైన నాటకాల్లో డిటెక్టివ్ కథలది పెద్ద వాటా. ఆ ధ్వనిముద్రణలు వేల సంఖ్యలో మిగిలి, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ వంటి చోట్ల నేటికీ ఉచితంగా వినడానికి దొరుకుతున్నాయి. అయితే కొత్తగా వినదలచినవారికి ఆ సమృద్ధే అడ్డంకి అవుతుంది. ఏ ధారావాహికను తీసుకున్నా వందల భాగాలుంటాయి. ఏ భాగంలోనైనా ఒక నేరం, ఒక పరిశోధకుడు, అరగంటలో ఒక పరిష్కారం ఉంటాయి. కథను చూసి ఎంచుకునేవారికి కొంతకాలానికే అన్నీ ఒకే మూసలో పోసినట్లు తోచి విసుగు పుడుతుంది. కాబట్టి కథను కాక నటుణ్ణి ఎంచుకుని, ఆ గొంతు ఎక్కడెక్కడికి వెళితే అక్కడికల్లా వెంట వెళ్లమని నా సలహా. ముఖం కనిపించని ఆ నాటకాల్లో అభినయమంతా వాచికమే. కొద్దిమంది నటీనటులే హాలీవుడ్, న్యూయార్క్ స్టూడియోల్లో ఒక నాటకం నుంచి మరొక నాటకానికి తిరుగుతూ ఆ లోకాన్నంతటినీ నింపారు కనుక, పది గొంతులు గుర్తుపట్టగలిగితే ఆ కాలమంతా మీకు పరిచయమైనట్లే.

మొదటి అడుగు: ఒక గొంతుతో మొదలుపెట్టండి

ఆరంభానికి బాబ్ బెయిలీని మించిన నటుడు లేడని నా నమ్మకం. సీబీఎస్ రేడియో నెట్‌వర్క్‌లో 1949 నుంచి నడిచిన 'యువర్స్ ట్రూలీ, జానీ డాలర్' అనే ధారావాహికలో కథానాయకుడు జానీ డాలర్ హార్ట్‌ఫర్డ్ నగరానికి చెందిన బీమా పరిశోధకుడు. టాక్సీ ఛార్జీ, హోటల్ గది, టెలిఫోన్ కాల్ అంటూ కంపెనీకి పంపే ఖర్చుల పద్దు చదువుతూ కథ చెబుతాడు. చివర మొత్తం కూడి, ఉత్తరం కింద సంతకం చేసినట్లుగా తన పేరుతో ముగిస్తాడు. చార్లెస్ రసెల్, ఎడ్మండ్ ఓబ్రయన్, జాన్ లండ్ వరుసగా పోషించిన ఈ పాత్రను 1955 అక్టోబరులో బెయిలీ చేపట్టారు. దర్శకుడు జాక్ జాన్‌స్టన్ అప్పుడు నాటకం స్వరూపాన్నే మార్చి, ఒక్కొక్క కథను సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు 15 నిమిషాల చొప్పున ఐదు భాగాలుగా నడిపారు. 1956 నవంబరు వరకు సాగిన ఈ ఐదు భాగాల కథలే మీ మొదటి మెట్టు. అరగంట నాటకంలో అనుమానితుడికి దక్కేవి నాలుగు మాటలైతే, గంటకు పైగా సాగే ఈ కథల్లో అతనికి ఒక జీవితం ఉంటుంది. డాలర్ అలసిపోవడం, తాను ఇష్టపడిన మనిషే దోషి అని తెలిసినప్పుడు గొంతు తగ్గించడం వంటివి బెయిలీ చేయగలిగింది ఆ వ్యవధి వల్లనే. రోజుకు ఒక్క భాగం చొప్పున, ఆ కాలపు శ్రోతలు విన్నట్లే వినండి. అన్నీ ఒకే రాత్రి వింటే ప్రతి భాగం చివర కథను ఆపే నేర్పు మీ చెవికి అందదు.

రెండవ అడుగు: ధ్వనిముద్రణను పరీక్షించండి

ధారావాహిక పేరును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, పక్కన నటుడి పేరు, ప్రసారమైన సంవత్సరం చేర్చి వెతకండి. ఒకే భాగం నాలుగైదు చోట్ల దొరికితే తేదీ, భాగం పేరు రెండూ స్పష్టంగా ఇచ్చిన ప్రతిని ఎంచుకోండి. 'ఓల్డ్ టైమ్ రేడియో రీసెర్చర్స్' అనే బృందం సరిచూసి పెట్టిన సంకలనాలు సాధారణంగా నమ్మదగినవి.

ఆ నాటకాలను 16 అంగుళాల డిస్కుల మీద భద్రపరిచేవారు. ఒక్కొక్క వైపు సుమారు 15 నిమిషాలే పట్టేది కనుక, అరగంట నాటకం మధ్యలో ధ్వని నాణ్యత హఠాత్తుగా మారితే అది మీ పరికరంలోని లోపం కాదు, డిస్కు తిరగేసిన చోటు. కొన్ని ప్రతుల్లో వ్యాపార ప్రకటనలు ఉండవలసిన చోట సంగీతం మాత్రమే వినిపిస్తుంది. విదేశాల్లోని అమెరికా సైనికుల కోసం ఆర్మ్‌డ్ ఫోర్సెస్ రేడియో సర్వీస్ ప్రకటనలు తీసివేసి పంపిన ప్రతులవి. రెండు రకాలూ దొరికితే ప్రకటనలున్న ప్రతినే వినండి. ప్రాయోజకుల సరుకు ఏమిటో, దానిని కథలో ఎలా కలిపారో తెలిస్తే నాటకం నడక కూడా అర్థమవుతుంది. పెట్రి వైన్ కంపెనీ ప్రాయోజకత్వంలో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నాటకాల్లో వ్యాఖ్యాత హ్యారీ బార్టెల్ డాక్టర్ వాట్సన్ ఇంటికి అతిథిగా వెళ్లి, మంట పక్కన కూర్చుని కథ చెప్పించుకుంటారు. ప్రకటన తీసేస్తే ఆ చక్కని ముఖాముఖి తెగిపోతుంది.

మూడవ అడుగు: మొదటి ఐదు నిమిషాలు మరే పనీ పెట్టుకోకండి

పాత్రల పేర్లు, వారి బంధుత్వాలు, ఊరు, చనిపోయింది ఎవరన్నది ఆరంభంలోనే ఒక్కసారి చెబుతారు, మళ్లీ చెప్పరు. ఆ కాసేపు చెవికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పేర్లు కాగితం మీద రాసుకుని, తరువాత కావాలంటే వంటపనో ప్రయాణమో చేసుకోవచ్చు.

1940ల అమెరికా వీధి భాష మనకు తొందరగా పట్టుబడదు. బాసిల్ రాత్‌బోన్ హోమ్స్‌గా, నైజెల్ బ్రూస్ వాట్సన్‌గా 1939 నుంచి 1946 వరకు చేసిన నాటకాల్లో ఉచ్చారణ స్పష్టంగా, నడక నెమ్మదిగా ఉంటుంది కాబట్టి, ఇంగ్లీషు వినికిడి అలవాటు తక్కువగా ఉన్నవారు బెయిలీ కంటే ముందే వీటితో మొదలుపెట్టవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో రేవు నేపథ్యంగా జాక్ వెబ్ నటించిన 'పాట్ నొవాక్ ఫర్ హైర్'ను మాత్రం చివరికి ఉంచుకోండి. అందులో ప్రతి వాక్యమూ ఒక ఉపమానమే, అదీ పరుగు మీద వస్తుంది.

నాలుగవ అడుగు: పక్క పాత్రల గొంతు పట్టుకోండి

ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఆనందమిచ్చేది ఇదే, ఎక్కువ సమయం వెచ్చించవలసిందీ ఇక్కడే. వర్జీనియా గ్రెగ్‌ను ఉదాహరణగా తీసుకోండి. 'లెట్ జార్జ్ డూ ఇట్' అనే ధారావాహికలో బాబ్ బెయిలీయే పరిశోధకుడు. అందులో ఆయన సహాయకురాలు బ్రూక్సీగా ఆమె గొంతు చురుకుగా, కాస్త ఎగతాళిగా ఉంటుంది. 1949లో మొదలైన 'రిచర్డ్ డైమండ్, ప్రైవేట్ డిటెక్టివ్'లో డిక్ పావెల్ సరసన హెలెన్ ఆషర్ అనే సంపన్నురాలిగా అదే గొంతు నింపాదిగా, తీరిక నిండినట్లుగా మారుతుంది. సినిమాల్లో గాయకుడిగా పేరు తెచ్చుకున్న పావెల్ చాలా భాగాల చివర ఆమె ఇంట్లో పియానో దగ్గర కూర్చుని పాడతారు; హత్య కథ ముగిశాక వచ్చే ఆ రెండు నిమిషాలను దాటవేయకండి. తిరిగి జానీ డాలర్ కథల్లో, 'డ్రాగ్‌నెట్' అనే పోలీసు నాటకంలో ఆమె ఒకచోట వృద్ధురాలిగా, మరొకచోట హంతకురాలిగా, ఇంకొకచోట భయపడిన ఇల్లాలిగా వినిపిస్తారు. ఈ నాలుగు ధారావాహికల నుంచి ఒక్కొక్క భాగం తీసుకుని వరుసగా వినండి. ఊపిరి తీసే చోటు, వాక్యం చివర స్వరం దించే తీరు మనిషిని పట్టిస్తాయి. వయసు, హోదా, ఉద్దేశం మాత్రం పూర్తిగా వేరుగా ఉంటాయి.

విలియం కాన్రాడ్‌ను కూడా ఇలాగే వెదకండి. ఆ బరువైన గొంతు డిటెక్టివ్ నాటకాల్లో పోలీసు అధికారులకు, దుర్మార్గులకు పనికివచ్చింది; 1952లో మొదలైన 'గన్‌స్మోక్' అనే పశ్చిమ సీమ (వెస్టర్న్) నాటకంలో అదే గొంతు నాయకుడిదైంది. ఆ నాటకం 1955లో టెలివిజన్‌కు వెళ్లినప్పుడు పాత్ర జేమ్స్ ఆర్నెస్‌కు దక్కింది. భారీకాయుడైన కాన్రాడ్ తెర మీద ఆ పాత్రకు నప్పరని భావించారు. రేడియో తన నటులకు ఇచ్చిన స్వేచ్ఛ ఎంతటిదో ఈ ఒక్క నిర్ణయంలో కనిపిస్తుంది.

ఐదవ అడుగు: ఒకే పాత్రను రెండు గొంతుల్లో వినండి

రాత్‌బోన్ 1946లో హోమ్స్ పాత్రను వదిలేశాక టామ్ కాన్వే దానిని చేపట్టారు. వాట్సన్‌గా నైజెల్ బ్రూస్ మరో ఏడాది కొనసాగారు. ఒకవైపు గొంతు మారకుండా రెండవవైపు గొంతు మాత్రమే మారిన ఈ సందర్భం పోల్చి వినేవారికి చక్కని అవకాశం. రాత్‌బోన్ హోమ్స్ ఎదుటివారి మాట పూర్తికాకముందే జవాబు సిద్ధం చేసుకున్నట్లు వినిపిస్తాడు. కాన్వే హోమ్స్‌లో మృదుత్వం ఎక్కువ. బ్రూస్ తన చిరాకునూ ఆప్యాయతనూ ఆ తేడాకు అనుగుణంగా ఎలా సర్దుకున్నారో గమనించండి.

ఆరవ అడుగు: మాటల చుట్టూ ఉన్న చప్పుళ్లను వినండి

నటుడు మైకుకు ఎంత దూరంలో నిలబడ్డాడో అదే గది వైశాల్యం. దగ్గరగా వచ్చి మెల్లగా మాట్లాడితే అది స్వగతం. దూరం నుంచి మాట్లాడుతూ దగ్గరికి వస్తే ఆ పాత్ర తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్లు. 'ది షాడో'లో కథానాయకుడు అదృశ్యంగా ఉన్నప్పుడు గొంతును ఫిల్టర్ గుండా పంపి, టెలిఫోనులో వినిపించినట్లు సన్నబరిచేవారు. 1937-38లో ఆ పాత్రను చేసిన ఆర్సన్ వెల్స్, ఆయన సరసన మార్గో లేన్‌గా నటించిన ఆగ్నెస్ మూర్‌హెడ్ ఉన్న భాగాల్లో, మామూలు గొంతు నుంచి షాడో గొంతుకు మారే క్షణం కోసం ప్రత్యేకంగా చెవి ఒగ్గండి.

1949లో ఎన్‌బీసీ రేడియో నెట్‌వర్క్‌లో మొదలైన 'డ్రాగ్‌నెట్' ఇందుకు పూర్తిగా భిన్నం. లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ సహకారంతో, అసలు కేసుల ఆధారంగా నడిచిన ఆ నాటకంలో జాక్ వెబ్ తనతో సహా నటులందరి చేత ఉద్వేగాన్ని తగ్గించి మాట్లాడించారు. కాబట్టి అడుగుల చప్పుడు, కాగితం కదలిక, రెండు వాక్యాల మధ్య నిశ్శబ్దం నటనలో భాగమయ్యాయి. సార్జెంట్ బెన్ రొమేరోగా నటించిన బార్టన్ యార్‌బరో 1951 డిసెంబరులో గుండెపోటుతో మరణించినప్పుడు, కొద్ది రోజులకే ప్రసారమైన 'ది బిగ్ సారో' అనే భాగంలో ఆ పాత్ర కూడా మరణించినట్లు చూపించారు. అంతకు ముందు భాగాల్లో యార్‌బరో టెక్సస్ యాసను కొన్ని గంటలైనా విన్న తరువాతే దానిని వినండి. వెబ్ ఎప్పటిలాగే పొడి మాటలే పలుకుతారు, కానీ ఆ పొడిదనం కింద ఏముందో అప్పటికి మీకు తెలిసి ఉంటుంది.

ఏడవ అడుగు: నాటకం ఎందుకు ఆగిందో తెలుసుకుని చివరి భాగాలు వినండి

1946లో మొదలైన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ శామ్ స్పేడ్'లో డిటెక్టివ్ స్పేడ్‌గా హవర్డ్ డఫ్ నవ్వుతూ కేసు నివేదిక చెబుతుంటే, కార్యదర్శి ఎఫీగా లురీన్ టటిల్ రాసుకుంటారు. ఇద్దరి మధ్య సరసం, లయ కుదిరిన తీరు ఈ ప్రక్రియలోనే అరుదు. 1950లో కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ కళాకారుల మీద ముద్ర వేసిన 'రెడ్ చానెల్స్' జాబితాలో డఫ్ పేరు వచ్చింది. ఆయన స్థానంలో స్టీవ్ డన్‌ను పెట్టి నడిపిన నాటకం 1951లో ఆగిపోయింది. డఫ్ భాగం ఒకటి, డన్ భాగం ఒకటి విన్నవారికి ఆ జాబితా రేడియోకు చేసిన నష్టం తెలుస్తుంది.

జానీ డాలర్ నిర్మాణం 1960 చివర హాలీవుడ్ నుంచి న్యూయార్క్‌కు మారడంతో బెయిలీ ఆ పాత్రను కోల్పోయారు. తరువాత బాబ్ రీడిక్, ఆపైన మాండెల్ క్రేమర్ దానిని కొనసాగించారు. 1962 సెప్టెంబరు 30న ఆ ధారావాహిక, దానితోపాటు 20 ఏళ్లుగా సాగిన 'సస్పెన్స్' అనే ధారావాహిక కూడా ఒకే సాయంత్రం చివరిసారి ప్రసారమయ్యాయి. ఆ రోజు రెండు ప్రసారాలనూ వెంటవెంటనే వినండి. క్రేమర్ నటన బెయిలీతో పోల్చదగినదా కాదా అన్న ప్రశ్నకు అప్పుడు మీ చెవే జవాబు చెబుతుంది.