రాయలసీమ మెట్టల్లో జెముళ్లను చూడడం ఎలా?

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం వైపు వేసవిలో బస్సులో వెళ్లేవారికి కిటికీలోంచి కనిపించేది ఎర్రనేల, గుండ్రటి బండలు, అక్కడక్కడ ముళ్లకంపలు, అంతే. "ఇక్కడ చూడడానికేముంది" అనుకొని కునుకు తీసే ప్రయాణికుల్లో నేనూ చాలా ఏళ్లు ఒకణ్ణి. కోనసీమ పచ్చదనం దూరం నుంచే కంటికి ఎదురొస్తుంది కాని, మెట్టసీమ అందం అలా రాదు. ఇక్కడి మొక్కలు నీటిని దాచుకున్నట్టే తమ వన్నెను కూడా దాచుకుంటాయి. బస్సు దిగి, గట్టు వెంట నడిచి, చివరికి మోకాళ్ల మీద వంగితే తప్ప అది కనబడదు. ఒక్క ఉదయంలో ఆ పని ఎలా చేయవచ్చో, ముఖ్యంగా అందరూ ఒకే పేరుతో పిలిచే జెముళ్లను ఎలా వేరుచేసి చూడవచ్చో ఇక్కడ వివరిస్తాను.

1. కాలాన్ని, గుట్టను ఎంచుకోండి

ఈ ప్రాంతంలో వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడతాయి. అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా నేల మీద తేమ, గాలిలో చల్లదనం రెండూ ఉంటాయి కనుక మొదటిసారి వెళ్లేవారికి అదే మంచి కాలం. నాగజెముడు విరగబూయడం చూడాలంటే మాత్రం వేసవి దాకా ఆగాలి. చోటు కోసం పెద్దగా వెతకనక్కరలేదు. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం కోటల చుట్టూ ఉన్న గుట్టలు, లేపాక్షి దగ్గరి బండలు, లేదా మీ బంధువుల ఊరి పక్కన పేరులేని గుట్ట ఏదైనా సరిపోతుంది. చేను గట్ల మీద నడిచేటప్పుడు రైతును ఒక మాట అడగడం మర్యాద. రిజర్వు అడవి అయితే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. సూర్యోదయానికి అరగంట ముందే గుట్ట కిందికి చేరుకొని, పది గంటలకల్లా తిరిగి వచ్చేటట్టు చూసుకోండి.

2. వెంట తీసుకెళ్లవలసినవి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, కాలిని పూర్తిగా కప్పే బూట్లు, ఒక చేతికర్ర, చిన్న భూతద్దం, పట్టుకారు, వెడల్పాటి ప్లాస్టరు చుట్ట. ఈ చివరిది ఎందుకో నా అనుభవం చెబుతుంది. మొదటిసారి నాగజెముడు కాయను కోసినప్పుడు పెద్ద ముళ్లను తప్పించుకున్నానే గాని, కాయ మీద కుచ్చులు కుచ్చులుగా ఉన్న నూగుముళ్లను లెక్కచేయలేదు. వెంట్రుక కన్నా సన్నగా ఉండే ఆ ముళ్లకు కొనదగ్గర వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి కాబట్టి, దిగడం సులభం, రావడం కష్టం. మూడు రోజులపాటు అన్నం ముద్ద కలిపినప్పుడల్లా వేళ్లు చురుక్కుమనేవి. దిగిన చోట ప్లాస్టరు అతికించి ఒక్కసారిగా లాగితే చాలావరకు వచ్చేస్తాయని తరువాత తెలిసింది. ఇంకొక జాగ్రత్త: బండల సందుల్లోకి, పొదల కిందికి కర్రతో తట్టి చూడకుండా చెయ్యి పెట్టవద్దు. రక్తపింజరి తిరిగే నేల ఇది.

3. ముందు దూరం నుంచి చూడండి

వెళ్లగానే మొక్కల కోసం పరుగెత్తకుండా, ఒక బండ మీద కూర్చొని వెలుగు వచ్చేదాకా ఆగండి. నైరుతి మేఘాలు పడమటి కనుమలకు అవతలే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య వానలు ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. అందుకే అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. ఆ తక్కువ నీరు ఎక్కడికి పోతుందో తెలిస్తే ఇక్కడి దృశ్యమంతా అర్థమవుతుంది. గ్రానైటు బండలు పగుళ్ల వెంట విరిగి, ఉల్లిపొరల్లా ఊడుతూ గుండ్రబడతాయి. వాటిమీద పడ్డ వాన నిలవకుండా జారి, బండ మొదట్లోని గరుసులోకి ఇంకుతుంది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు గమనించండి: బండ అంచు వెంట గీత గీసినట్టు పచ్చదనం కనిపిస్తుంది, నాలుగు అడుగుల అవతల నేల బోసిగా ఉంటుంది. మొక్కకూ మొక్కకూ నడుమ ఆ ఖాళీ దరిద్రం కాదు. ప్రతి మొక్క వేళ్లూ నేలపొర కిందుగా పాకి పట్టుకున్న తన వంతు నీటి జాగా అది. తంగేడు పసుపు, రేగుకంప బూడిద ఆకుపచ్చ, మట్టి ఎరుపు ఒకదానినొకటి కప్పేయకుండా విడివిడిగా నిలబడడానికి కారణం కూడా ఆ ఖాళీయే.

4. జెముడా, నాగదాళా తేల్చుకోండి

ఇప్పుడు దిగి, గట్టు మీది కంచె దగ్గరికి వెళ్లండి. పత్రికల్లోనూ సినిమాల్లోనూ ఆకులేని ముళ్లమొక్క ఏది కనిపించినా బ్రహ్మజెముడనో కాక్టస్ అనో అనేస్తారు. నిజానికి కాక్టస్ కుటుంబం దాదాపు మొత్తం అమెరికా ఖండాలకు చెందినది. ఆఫ్రికాలోనూ శ్రీలంకలోనూ సహజంగా కనిపించే ఒక వేలాడే జాతి మాత్రమే దీనికి మినహాయింపు. మన గట్ల మీద మూడు పలకలుగా, కణుపులు కణుపులుగా పెరిగే బొంతజెముడు ఈ దేశపు మొక్కే గాని కాక్టస్ కాదు. పెన్సిళ్లు గుత్తిగా నిలబెట్టినట్టుండే కాడజెముడు ఆఫ్రికా నుంచి వచ్చి మన కంచెల్లో స్థిరపడింది; అదీ కాక్టస్ కాదు. ఈ రెండూ ఆముదం కుటుంబానికి చెందినవి. నాగదాళి అని కూడా పిలిచే నాగజెముడు మాత్రం నిజమైన కాక్టసే. ఊరు మారితే ఈ పేర్లు కూడా మారతాయి కనుక, పేరును కాక మొక్కను చూసి నిర్ణయించుకోవాలి.

పాలు మొదటి గుర్తు. మేకలు తొక్కి విరిచిన కొమ్మ ఎక్కడో ఒకచోట ఉంటుంది. కర్రకొనతో దాన్ని గీరితే జెముడు నుంచి తెల్లటి పాలు బొట్లుగా కారతాయి, నాగజెముడు నుంచి నీటిలాంటి జిగురు మాత్రమే వస్తుంది. ఈ పరీక్షను చేత్తో చేయవద్దు. జెముడు పాలు కంట్లో పడితే తీవ్రమైన మంటతోపాటు కొంతకాలం చూపు పోయే ప్రమాదం ఉంది. పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగి, కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ముల్లు పుట్టే చోటు రెండవ గుర్తు. భూతద్దంతో చూస్తే బొంతజెముడు ముళ్లు జంటలు జంటలుగా కాడ అంచు మీది నుంచే లేస్తాయి. నాగజెముడు ముళ్లు మాత్రం నూగుతో నిండిన చిన్న మెత్తటి బొడిపెలోంచి గుంపుగా వస్తాయి. ఆ బొడిపె ఉంటేనే కాక్టస్; ముళ్లు లేకపోయినా, బొడిపె ఉంటే కాక్టసే.

ఈ తేడాను నేను పుస్తకంలో చదివి కష్టపడి గుర్తుపెట్టుకుంటే, రాయదుర్గం దగ్గర ఒక గొర్రెల కాపరి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "పాలుంటే జెముడు సారూ, పండుంటే నాగదాళి." వేర్వేరు ఖండాల్లో, సంబంధం లేని రెండు కుటుంబాలు ఎండకు ఒకే జవాబు కనుక్కున్నాయి: ఆకును వదులుకోవడం, కాడనే పచ్చగా మార్చి నీటితిత్తిగా చేసుకోవడం. మన ఊళ్లవాళ్లు రెండింటినీ జెముడు అనే ఒకే మాట కిందికి చేర్చడంలో నాకు తప్పేమీ కనబడదు. కంచె వేసేవాడికి రెండూ చేసే పని ఒకటే.

5. నాగజెముడు దగ్గర ఎక్కువసేపు ఆగండి

మొక్కమీద అరచెయ్యంత బిళ్లలు ఆకులు కావు, కాడలు. అసలు ఆకులను చూడాలంటే లేత బిళ్లను వెతకండి. బియ్యపుగింజంత ఆకుపచ్చ మొనలు బొడిపెల కింద కనిపిస్తాయి, కొద్దిరోజుల్లోనే రాలిపోతాయి. పువ్వు దొరికితే, పసుపు రేకుల మధ్య గుబురుగా ఉన్న కేసరాలను గడ్డిపరకతో మెల్లగా తాకండి. తాకగానే అవి లోపలికి ముడుచుకుంటాయి. లోపలికి దిగిన తేనెటీగ ఒళ్లంతా పుప్పొడి అయ్యేది అలాగే.

తరువాత బిళ్లల మీద తెల్లటి దూదిమచ్చల కోసం చూడండి. ఒక మచ్చను పుల్లతో తీసి రాయి మీద నలిపితే చిక్కటి ఎర్రరంగు పరుచుకుంటుంది. అది కొచినీల్ పురుగు. ఈ మొక్క మన దేశంలో ఇంతగా పాతుకుపోవడంలో దానికీ పాత్ర ఉంది. ఎర్ర అద్దకానికి ఉపయోగపడే ఆ రంగును ఇక్కడే తయారుచేయాలని ఈస్టిండియా కంపెనీ ఆశపడింది. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు మద్రాసులో నాగజెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగులు కూడా వచ్చాయి గాని, అవి మేలిరకం కావు, వేరే జాతి. రంగు వ్యాపారం ఫలించలేదు. ఆ పురుగు మాత్రం ఒక రకం నాగజెముడును తిని తగ్గించింది. మిగిలిన రకాలు పొలాలను ఆక్రమిస్తుంటే, 1926లో శ్రీలంక నుంచి మరో జాతి కొచినీల్‌ను తెప్పించి వదిలారు. రంగు కోసం తెచ్చిన పురుగు చివరికి కలుపు తీయడానికి పనికివచ్చిందన్నమాట.

6. కుందేటి కొమ్ములను వెతకండి

దీనికి ఓపిక కావాలి. నాలుగు పలకల సన్నటి కాడలు, జానెడు కూడా ఉండని ఎత్తు. మేకలకు అందకుండా రేగుకంప, కలేపొద వంటి ముళ్లపొదల నీడలో దాక్కుంటాయి. ఇవి జిల్లేడుకు బంధువులు. పల్లెల్లో పచ్చడి చేసుకుంటారు, ఆకలేస్తే పచ్చిగానూ నములుతారు. వానల తరువాత కాడ కొసన ముదురు ఊదారంగు పూలు పూస్తాయి. వీటి బంధువు ఒకటి బంతి ఆకారంలో పెద్ద పూగుత్తి పెడుతుంది. దాని దగ్గర ముక్కు మూసుకోవలసిందే. కుళ్లిన మాంసం వాసనతో అది ఈగలను పిలుచుకుంటుంది. కంటికి అంత అందమైనది ముక్కుకు అంత అసహ్యంగా ఉండడం నాకు ఇప్పటికీ వింతే.

7. పండు తినాలనుకుంటే

బాగా ఊదారంగు తిరిగిన నాగజెముడు పండును పట్టుకారుతో కోసి, ఇసుకలో బాగా దొర్లించి, నూగు పోయాక కత్తితో తొక్క తీసి తినవచ్చు. గింజలెక్కువ, పులుపుతీపి, నోరంతా ఎరుపు.

8. ఇంటికి వచ్చాక

గుట్టమీద దేన్నీ పీకి తేవద్దు. కుందేటి కొమ్ముల వంటివి మళ్లీ ఎదగడానికి చాలా కాలం పడుతుంది. ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. ఎండలో పత్రరంధ్రాలు తెరిస్తే నీరు పోతుంది కాబట్టి, జెముళ్ల వంటి ఈ మొక్కల్లో చాలావరకు రాత్రిపూట తెరిచి, పీల్చిన గాలిని ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి, పగలు ఆ నిల్వను వాడుకుంటాయి. పెరట్లో రణపాల ఉంటే తెల్లవారుజామున ఒక ఆకుముక్క, మిట్టమధ్యాహ్నం ఒక ముక్క కొరికి చూడండి. ఉదయం పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుపు పోతుంది. సామర్లకోటలో కంపెనీవారి తోటను చూసుకున్న బెంజమిన్ హైన్ ఇదే విషయాన్ని రాయగా, 1815లో అది అచ్చయింది.

రెండవది బ్రహ్మకమలం. వాకిట్లో కుండీలో పూసిన రాత్రి ఇరుగుపొరుగును పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, ఫొటోలు తీసుకునే ఆ మొక్క హిమాలయాల అసలు బ్రహ్మకమలం కాదు. మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్. ఆకుల్లా కనిపించేవి బల్లపరుపు కాడలు. ఈసారి మొగ్గ వేసినప్పుడు భూతద్దం పట్టుకొని కాడ అంచులోని నొక్కును చూడండి: గుట్టమీద నాగజెముడు బిళ్లపై చూసిన బొడిపెకు తమ్ముడిలాంటిది, ముళ్లు లేకుండా, అక్కడ ఉంటుంది. మొగ్గ దాన్నుంచే బయటికి వస్తుంది.