సంక్రాంతి ఫుడ్ ఫెస్టివల్‌లో దారి చూపే బోర్డులు

జనవరిలో హైదరాబాద్‌లో సాయంత్రం 6 దాటగానే చీకటి పడుతుంది. ఫుడ్ స్టాళ్లకు జనం ఎగబడేది సరిగ్గా అప్పుడే. అందుకే బోర్డులను పగలు చూసి ఓకే అనేయకండి. రాత్రి లైట్లన్నీ వేయించి, గేటు దగ్గర నిలబడి చదవండి. మెరిసే ఫ్లెక్స్ మీద ఫోకస్ లైటు పడితే అక్షరాలు తెల్లగా పోతాయి, మ్యాట్ ప్రింటే వేయించండి. 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం లెక్క. 30 అడుగుల నుంచి కనపడాలంటే 3 అంగుళాలు. బోర్డు కింది అంచు 7 అడుగుల పైనే ఉండాలి, లేదంటే ముందువాళ్ల తలలు అడ్డొస్తాయి. సకినాలు వేగే బాణలి పక్కన మాత్రం కట్టొద్దు, జిడ్డు పట్టేస్తుంది. మంచినీళ్లు, టాయిలెట్ల బాణం గుర్తులు ప్రతి మలుపులోనూ పెట్టండి. చంటిపిల్లలతో వచ్చినవాళ్లు ముందు వెతికేది వాటినే.