స్కానర్ పెట్టినా కారు పలకకపోతే: సొంత షెడ్డు మెకానిక్‌లకు సమస్య - పరిష్కారం

కారులోని లోపాల కోడ్లు చదివే స్కానర్‌కు కారు సరిగా స్పందించకపోవడానికి కారణం వైరింగు లోపం కావచ్చు, స్కానర్ పరిమితి కావచ్చు, తయారీదారు వేసిన తాళమూ కావచ్చు. అది తేల్చుకోకుండా ఖరీదైన స్కానర్ కొనడం వల్ల ఫలితం ఉండదు.

సమస్య: స్కానర్ వెలగదు, లేదా వెలిగినా కారుతో కలవదు.

స్కానర్‌ను తగిలించే ఓబీడీ పోర్టులో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ అందాలి. 16వ పిన్నులో వోల్టేజి లేకపోతే ముందుగా ఫ్యూజు చూడాలి. చాలా కార్లలో ఇదే ఫ్యూజు సిగరెట్ లైటర్ సాకెట్టుకు కూడా ఉంటుంది కనుక, నాసిరకం ఫోన్ ఛార్జరే అసలు దోషి కావచ్చు. కరెంటు ఉన్నా కలవకపోతే, బ్యాటరీ కనెక్షన్ తీసి, 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ కొలవాలి. సాధారణంగా సుమారు 60 ఓములు వస్తే క్యాన్ లైను (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే తీగల జత) బాగున్నట్టు, 120 వస్తే చివరనుండే రెండు రెసిస్టర్లలో ఒకటి తెగినట్టు, సున్నాకు దగ్గరైతే తీగలు షార్టయినట్టు భావించాలి. అయితే గేట్‌వే (పోర్టుకూ లోపలి కంప్యూటర్లకూ మధ్య ఉండే మాడ్యూల్) ఉన్న కార్లలో ఈ కొలత పోర్టుకూ గేట్‌వేకూ మధ్య ఉన్న లైను గురించి మాత్రమే చెబుతుంది.

సమస్య: ఇంజిన్ కోడ్లు వస్తాయి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు రావు.

ఓబీడీ ప్రమాణం తప్పనిసరి చేసింది ప్రధానంగా పొగ కాలుష్యానికి సంబంధించిన సమాచారాన్నే. మిగతా వాటికి ఆ కంపెనీ కార్లకు తగిన సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానర్ కావాలి.

సమస్య: కోడ్లు చదువుతుంది, చెరపనివ్వదు.

ఇది తరచుగా, అనుమతి లేని ఆదేశాలను అడ్డుకునే సెక్యూరిటీ గేట్‌వే పని. ఫియట్ క్రైస్లర్ (ఇప్పుడు స్టెల్లాంటిస్) 2018 ప్రాంతం నుంచి దీన్ని పెడుతోంది. ఇంటర్నెట్ ద్వారా కార్లలోకి చొరబడవచ్చని 2015లో రుజువైంది కనుక ఈ తాళం అకారణమేమీ కాదు, కానీ దాని భారం నిజాయితీగా పనిచేసే మెకానిక్‌పైనా పడింది. మెకానిక్ వివరాలనూ, స్కానర్ వివరాలనూ అధికారికంగా నమోదు చేసుకోవడమే సరైన దారి. గేట్‌వేను తప్పించే బైపాస్ కేబుల్‌తో పని జరిగినా, దాన్ని కారులో శాశ్వతంగా వదిలేయరాదు.

సమస్య: కొత్త మాడ్యూల్ (కారులోని కంట్రోల్ కంప్యూటర్) బిగించినా కారు ఒప్పుకోదు.

కోడింగ్, అంటే కొత్త మాడ్యూల్‌ను ఆ కారుకు తగినట్టు ప్రోగ్రామ్ చేయడం, జరగలేదన్నమాట. చాలా కంపెనీల విషయంలో కారును కంప్యూటర్‌తో కలిపే జె2534 ప్రమాణపు పాస్-త్రూ పరికరం, తయారీదారు సైటుకు స్వల్పకాలిక చందా ఉంటే సరిపోతుంది. ఐరోపాలో తాళంచెవి, ఇమ్మొబిలైజర్ (సరైన తాళంచెవి లేకుండా ఇంజిన్ స్టార్టు కానివ్వని ఏర్పాటు) పనులకు సెర్మి, అంటే భద్రతా పనులు చేసే మెకానిక్‌లకిచ్చే, ధ్రువీకరణ కూడా అడుగుతారు. ప్రోగ్రామింగ్ మధ్యలో వోల్టేజి పడిపోతే మాడ్యూల్ చచ్చిపోవచ్చు కనుక, మామూలు ఛార్జర్‌ను కాక స్థిరమైన వోల్టేజి ఇచ్చే సపోర్ట్ యూనిట్‌నే తగిలించాలి.